గ్రుడ్లెన్ని? పిల్లలెంత?

శీలావతి చేప లక్షల గ్రుడ్లు పెడుతుంది. ఏనుగు ఇంచుమించు 22 నెలలు మోసి ఒక్క గున్నను కంటుంది. ఈ తేడా ఎందుకని అడిగితే, "జాతి నిలవడానికి ఎన్ని కావాలో అన్ని" అని చెప్పడం చాలాకాలం పరిపాటి. తరగతిలో ఇప్పటికీ ఈ జవాబు వినవస్తూనే ఉన్నది. కాని జాతికి ఎన్ని కావాలో ఒక తల్లికి ఎలా తెలుస్తుంది? తోటివారికంటె ఎక్కువ పిల్లలను బ్రతికించుకొన్న తల్లి వంశమే కదా వ్యాపించేది!

ఈ మాటను గట్టిగా పట్టుకొన్నవాడు డేవిడ్ లాక్ (1910–1973). ఆయన మొదట ఇంగ్లండులోని డార్టింగ్‌టన్ హాల్ పాఠశాలలో ఉపాధ్యాయుడు. 1945లో ఆక్స్‌ఫర్డులోని పక్షి పరిశోధన సంస్థకు అధిపతి అయ్యాడు. తలిదండ్రులు ఎన్ని పిల్లలకు కడుపునిండా మేత తేగలరో, సగటున అన్ని గ్రుడ్లే పక్షి పెడుతుందని 1947లో వ్రాశాడు.

దీనికి పరీక్ష ఆక్స్‌ఫర్డు మ్యూజియం గోపురంలోనే జరిగింది. అక్కడ స్విఫ్ట్ అనే పక్షులు గూళ్ళు కడతాయి. లాక్ దంపతులు గూటిపెట్టెలకు గాజుపలకలు అమర్చి లోపలి సంసారాన్ని చూశారు. ఈ పక్షికి మేత ఎగిరే పురుగులే. వాన పట్టిందా, పిల్లలకు పస్తే. మామూలుగా రెండో మూడో గ్రుడ్లు పెడుతుంది. క్రిస్టఫర్ పెరిన్స్ కొన్ని గూళ్ళలో అదనపు పిల్లను చేర్చి నాలుగు చేశాడు. 1964లో ప్రకటించిన ఫలితం ఇది: నాలుగు పిల్లల గూటినుండి ఎగిరిపోయినవి, మూడు పిల్లల గూటినుండి ఎగిరినవాటికంటె తక్కువ!

అన్ని పక్షులూ ఇంత చక్కగా లెక్కకు లొంగలేదు. కొన్ని పిట్టలు తాము పెంచగలిగినన్నిటికంటె తక్కువే పెడతాయి. ఈ ఏడు ఒళ్ళు గుల్ల చేసుకొంటే వచ్చే ఏటికి తల్లి మిగలదు గదా.

లాక్ లెక్క సంఖ్యకు సంబంధించినది. పరిమాణం సంగతిని 1974లో అమెరికాలో స్మిత్, ఫ్రెట్‌వెల్ అనే ఇద్దరు తేల్చారు. నల్లబల్లమీద ఇలా వేసి చూడవచ్చు (అంకెలు కల్పితం). తల్లివద్ద 100 పాళ్ళ ఆహారమున్నది. గ్రుడ్డుకు 1 పాలు చొప్పున 100 గ్రుడ్లు పెడితే, నూటికి 2 బ్రతికాయి: మిగిలినవి 2. గ్రుడ్డుకు 2 పాళ్ళయితే 50 గ్రుడ్లు, నూటికి 10 బ్రతికాయి: 5. గ్రుడ్డుకు 4 పాళ్ళయితే 25 గ్రుడ్లు, నూటికి 16 బ్రతికాయి: 4. పిల్లకు మేలైనది పెద్ద గ్రుడ్డు. తల్లికి మేలైనది నడిమి గ్రుడ్డు. తల్లి లాభమూ, పిల్ల లాభమూ ఒకటి కావు! 

నార్వేలో పనిచేసిన ఐనుమ్, ఫ్లెమింగ్ అనేవారు 2000లో సాల్మన్ చేపలలో దీనిని చూపారు. ఒకే తల్లి గ్రుడ్లలో పెద్దవాటినుండి వచ్చిన పిల్లలే వాగులో ఎక్కువ బ్రతికాయి. అయినా తల్లికి ఎక్కువ సంతానాన్ని మిగిల్చే పరిమాణం అంతకంటె చిన్నది. ఆ చేపలు సగటున పెట్టే గ్రుడ్డు దానికి దగ్గరగానే ఉన్నది.