తుపాకీ లైసెన్సు పుట్టుక: గడి నుంచి కలెక్టరాఫీసు దాకా

అమెరికాలోని టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి చేతితుపాకీ దగ్గర పెట్టుకుని బయట తిరగడానికి లైసెన్సు అక్కర్లేదు. ఇరవై ఒక్క ఏళ్లు నిండి, చట్టం అడ్డుచెప్పని మనిషైతే చాలు, చొక్కా కింద పిస్తోలు పెట్టుకుని బజారుకు పోవచ్చు. వెర్మాంట్‌లో మొదటినుంచీ ఇదే పద్ధతి. 2003లో అలాస్కా, 2010లో అరిజోనా అదే దారి పట్టాయి. ఇప్పుడు సగానికి మించిన రాష్ట్రాలది అదే తోవ. 1791 నాటి రెండో రాజ్యాంగ సవరణ ఇచ్చిన హక్కుకు మళ్లీ అనుమతి చీటీ ఎందుకని ఒక పక్షం అడుగుతుంది. ఎదుటివాడి నడుముకు ఏముందో తెలియకుండా బతికేదెట్లా అని రెండో పక్షం అడుగుతుంది. జనగామ నుంచో మహబూబాబాద్ నుంచో డాలస్‌కు పిల్లల్ని పంపిన తల్లిదండ్రులకు ఈ వాదన దూరపు ముచ్చట కాదు.

మన చట్టం మాటకొస్తే, 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు ఉన్నవాళ్లు కూడా బహిరంగ స్థలాల్లో పిస్తోలును ఒరలో పెట్టుకోవాలి, పొడుగు తుపాకీకి ముసుగు వేయాలి. చేతబట్టి ఊపడం నేరం. అంటే కంటికి కనబడకుండా మోయడమే ఇక్కడి పద్ధతి, కాకపోతే కాగితం తప్పనిసరి. ఆ కాగితం మన మేలు కోరి పుట్టింది మాత్రం కాదు.

1857 తిరుగుబాటు ఇంగ్లీషువాళ్లకు పీడకల. ఆ భయంతోనే 1860లో ఒక ఆయుధ చట్టం వచ్చింది. 1878లో వైస్రాయి లిట్టన్ దాన్ని బిగించి ఇండియన్ ఆర్మ్స్ యాక్ట్ తెచ్చాడు. దేశభాషల పత్రికల నోరు నొక్కిన చట్టమూ ఆ ఏటిదే, ఆ వైస్రాయిదే. ఆయుధ చట్టంలో యూరోపియన్లకు మినహాయింపు, భారతీయులకు లైసెన్సు. పత్రికల చట్టాన్ని కొన్నేళ్లకే తర్వాతి వైస్రాయి రిపన్ హయాంలో ఎత్తేశారు. ఆయుధ చట్టాన్ని మాత్రం ఎత్తేయలేదు. కూర్గు (కొడగు) కొడవలు బ్రిటిషువాళ్లకు నమ్మకస్తులు గనుక 1861లోనే మినహాయింపు పొందారు. అది ఇప్పటికీ నడుస్తోంది. 2019లో కేంద్రం దాన్ని 2029 దాకా పొడిగించింది. పర్మిట్ లేని తుపాకీ మన దేశంలో చట్టబద్ధంగా ఎక్కడైనా ఉందా అంటే కొడగు వైపు చూపించొచ్చు.

లిట్టన్ చట్టం మీద జాతీయోద్యమానికి తీరని కసి ఉండేది. జాతినంతటినీ నిరాయుధం చేసిన ఈ చట్టం బ్రిటిష్ పాలన చేసిన పనుల్లోకెల్లా నల్లనిదని 1918లో గాంధీజీయే అన్నారు. 1930లో ఆయన వైస్రాయి ఇర్విన్ ముందు పెట్టిన పదకొండు కోరికల్లో ఆత్మరక్షణకు తుపాకీ లైసెన్సులివ్వాలన్నది ఒకటి. 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానం, నిబంధనలకు లోబడి ఆయుధం ధరించడం పౌరుడి ప్రాథమిక హక్కు అంది. అహింసను నమ్మినవాళ్ల నోటివెంట ఈ మాటలు రావడం వింతగా తోస్తుంది గానీ, పాలించేవాడి చేతిలోనే ఆయుధం ఉండి పాలితుడి చేయి ఉత్తదైతే ఎట్లుంటుందో వాళ్లు కళ్లారా చూశారు.

జనగామ ప్రాంతం అప్పుడు నిజాం రాజ్యంలో ఉంది. ఇక్కడ తుపాకీ గురించి జనం నేర్చుకున్నది లిట్టన్ దగ్గర కాదు, దొర కోట అయిన గడి దగ్గర. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి కింద పదుల గ్రామాలుండేవి. భూమి ఆయనదే, తీర్పు ఆయనదే, తుపాకులూ ఆయన మనుషులవే. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పండించిన పంటకు అడ్డుపడింది ఆ గడి మనుషులే. దొరను ఎదిరించిన రైతుల సంఘం వాళ్ల చేతిలో ఉన్నవి గుత్పలు, వడిసెలలు, కారం పొట్లాలు. 1946 జులై 4న కడవెండిలో సంఘం ఊరేగింపు దొర ఇంటి ముందుకు రాగానే లోపలినుంచి కాల్పులు జరిగాయి. దొడ్డి కొమురయ్య అక్కడికక్కడే ప్రాణం విడిచాడు. ఆ తూటా తర్వాతే తెలంగాణ రైతాంగ పోరాటం ఆయుధం పట్టింది. గడుల్లో గుంజుకున్న తుపాకులు, నాటు బర్మార్లు పోరాట దళాల చేతికి వచ్చాయి. నిజాం పక్షాన ఆయుధం పట్టిన రజాకార్ల దాడులు పెరిగాక ఊరి బురుజే కోట అయింది. 1948 ఆగస్టు 27న అప్పటి జనగామ తాలూకా బైరాన్‌పల్లి మీద రజాకార్లు విరుచుకుపడినప్పుడు జనం బురుజు మీదినుంచి నాటు తుపాకులతో కాచారు. అయినా ఊరు నిలబడలేదు. పదుల మందిని వరసగా నిలబెట్టి కాల్చేశారు.

ఆ సెప్టెంబరులో భారత సైన్యం వచ్చింది. జనరల్ చౌధురి మిలిటరీ గవర్నరయ్యాడు, ఆయుధాలు అప్పగించమన్నాడు. తుపాకీ దించాలా వద్దా అనే చర్చ అప్పుడు ఢిల్లీలో కాదు, దళాల మధ్యనే భగ్గుమంది. నిజాం పోయాడు గనుక సాయుధ పోరాటం ఇక వద్దని రావి నారాయణరెడ్డి లాంటి నాయకులు వాదించారు. తుపాకీ దించితే దొరలు తిరిగొచ్చి భూములు గుంజుకుంటారని తక్కినవాళ్ల మాట. ఆ మాటలో వట్టి భయమే లేదు, ఊళ్లల్లో అట్లా జరిగింది కూడా. 1951 అక్టోబరులో పోరాటం విరమించేదాకా ఆ చర్చ తెగలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1948 డిసెంబరు మొదట్లో, రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఆయుధం ధరించే హక్కును ప్రాథమిక హక్కుల్లో చేర్చాలన్నాడు. కరాచీ తీర్మానాన్ని గుర్తుచేశాడు. అంబేడ్కర్ ఒప్పుకోలేదు. నేరాలు చేయడమే వృత్తిగా పెట్టుకున్న ముఠాలకూ అదే హక్కు దక్కుతుందన్నది ఆయన అభ్యంతరం. సవరణ వీగిపోయింది. మన రాజ్యాంగం 19వ అధికరణంలో శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా గుమిగూడే హక్కు మిగిలింది. నాకు ఇందులో అంబేడ్కర్ మాటే సరైనదనిపిస్తుంది. కడవెండి చెప్పిన పాఠమూ అదే: తుపాకీ హక్కు అందరిదీ అని రాసుకున్నా, ముందుగా అది చేరేది డబ్బూ మందీ ఉన్నవాడి ఇంటికే.

లిట్టన్ చట్టం పోయి 1959లో కొత్త ఆయుధ చట్టం వచ్చింది. 1962 అక్టోబరు 1 నుంచి అమలైంది. పాత చట్టం జాతిని నిరాయుధం చేయడానికి తెచ్చిందని కొత్త చట్టపు ఉద్దేశాల పత్రంలోనే రాసుకున్నారు. అందులో రెండు చోట్లు నాకు చాలా ముఖ్యం. ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని 14వ సెక్షను చెబుతుంది. అసలు పంట కాపలాకు మందు దట్టించి కాల్చే తుపాకీ కావాలని రైతు నిజంగా అడిగితే ఇవ్వాలని 13వ సెక్షను చెబుతుంది. భూపాలపల్లి అడవి అంచు రైతుకు పందుల మంద ఏం చేస్తుందో తెలుసు గనుక ఆ సెక్షను విలువా తెలుస్తుంది. అడవి జంతువును కాల్చడానికి 1972 వన్యప్రాణి చట్టం వేరే అనుమతి అడుగుతుంది, అది వేరే సంగతి. లైసెన్సు దొరకని చోట చేలకు కరెంటు తీగలు కట్టడం చూస్తున్నాం. ఆ తీగకు తగిలి జంతువులే కాదు, మనుషులూ పోతున్నారు.

తర్వాతి దశాబ్దాల్లో ఇవే అడవులు నక్సలైట్ దళాలకు దారులయ్యాయి. ఊళ్లో భూస్వామి ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉందంటే దళం ఆ ఇంటికి వచ్చేది. ఇంటి రక్షణకని తెచ్చుకున్నదే ఇంటికి ఆపద తెచ్చిన కాలమది. పోలీసులకూ దళాలకూ మధ్య నలిగిన మామూలు జనానికి లైసెన్సున్నా లేకున్నా ఏ తుపాకీ అయినా ఒకటే.

2019 సవరణ ఒక మనిషికి మూడు తుపాకుల పరిమితిని రెండుకు దించింది. ఒక్కటే చాలని మొదట బిల్లులో ఉంటే, అభ్యంతరాలు వచ్చాక రెండు చేశారు. లైసెన్సు గడువు మూడేళ్లనుంచి అయిదేళ్లయింది. లైసెన్సు లేకుండా మామూలు తుపాకీ దొరికితే ఇంతకుముందు కనీసం ఏడాది జైలు, ఇప్పుడు రెండేళ్లు, గరిష్ఠం అయిదేళ్లు. పెళ్లిళ్లలో సరదాకు కాల్చి ప్రాణం మీదికి తెచ్చేవాళ్లకూ శిక్ష పెట్టారు.

చీటీ లేకుండా తుపాకీ మోయడాన్ని నేను ఒప్పుకోను. చీటీ ఇచ్చే అధికారి గుమ్మం దగ్గర మాత్రం లిట్టన్ నాటి అనుమానం ఇంకా కాపలా కాస్తోంది. కౌలు రైతు దరఖాస్తు ఎన్ని నెలలు నానుతుంది, రాజకీయ నాయకుడిది ఎన్ని రోజుల్లో తేలుతుంది అన్నదాంట్లోనే చట్టం ఎవరి వైపుందో తెలుస్తుంది. నిరాకరిస్తే కారణం రాసి, అడిగితే చెప్పాలని 14వ సెక్షనే అంటుంది. ప్రజా ప్రయోజనం దృష్ట్యా దాచవలసి వస్తే తప్ప దాచే వీల్లేదు. 18వ సెక్షను కింద పైఅధికారికి అప్పీలు చేసుకోవచ్చు. కొత్త జిల్లాలయ్యాక మహబూబాబాద్, భూపాలపల్లి కలెక్టరేట్లు దగ్గరపడ్డాయి గనుక, పందులు తొక్కిన మక్కచేను ఫొటోలు, పట్టాదారు పాసుపుస్తకం, పోలీసు విచారణకు కావలసిన వివరాలు పట్టుకుని వెళ్లే రైతు, కాదంటే ఎందుకు కాదో రాసిమ్మని అడగాలి.