తప్పెవరిదో తేలేదాకా ఆగాలా? రోడ్డు ప్రమాద పరిహారం కథ



మన ఆవని చుట్టుపక్కల రోడ్డు మీద బండ్లు గుద్దుకుంటే ముందు జరిగేది పంచాయితీ. "పెద్ద బండిదే తప్పు" అని ఒకరు, "వీడే అడ్డం వచ్చినాడు" అని ఇంకొకరు. చివరికి ఆసుపత్రి ఖర్చుకు ఇంత అని ఒప్పుకుని కాగితం మీద సంతకాలు. పోలీసు కేసు ఉండదు, ఇన్సూరెన్స్ మాటే రాదు. కొన్ని నెలల తర్వాత ఆ కాలు ఇక పనికి రాదని డాక్టరు చెబితే, ఆ ఇంటివాళ్ల చేతిలో ఆ కాగితం తప్ప ఏమీ మిగలదు. ఈ తొందర ఎంత నష్టమో తెలియాలంటే పరిహారం చట్టం ఎలా మారుతూ వచ్చిందో చూడాలి.

కె.జి.ఎఫ్. గని కుటుంబాలకు ఒక సంగతి తెలుసు. 1923 నాటి వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం కింద పనిలో ఉండగా కార్మికుడు చనిపోతే, యజమాని తప్పు చేశాడని ఆ ఇంటివాళ్లు నిరూపించాల్సిన అవసరం ఉండేది కాదు. పని వల్ల ప్రమాదం జరిగిందా లేదా అన్నదే ప్రశ్న. రోడ్డు మీద లారీ కింద పడినవాడికి అప్పట్లో ఈ సౌకర్యం ఉండేది కాదు. డ్రైవరు నిర్లక్ష్యాన్ని బాధితుడి ఇంటివాళ్లే రుజువు చేయాల్సి వచ్చేది.

మోటారు వాహనాల చట్టం 1939లో వచ్చింది. అందులో థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి చేసే భాగం 1946 జులై 1 నుంచి అమలైంది. సివిల్ కోర్టుల చుట్టూ తిరిగే బాధ తగ్గించడానికి 1956 సవరణతో క్లెయిమ్స్ ట్రిబ్యునళ్లకు దారి పడింది. అయినా మూల ప్రశ్న మారలేదు. నిర్లక్ష్యం రుజువైతేనే యజమానికీ, అతని ద్వారా ఇన్సూరెన్స్ కంపెనీకీ బాధ్యత ఉంటుందని 1977లో మీనూ మెహతా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

మూడేళ్లకు, 1980లో, ఎన్.కె.వి. బ్రదర్స్ బస్సు కేసు వచ్చింది. చీకటి పడ్డాక బస్సు వేలాడుతున్న హైటెన్షన్ తీగకు తగిలింది. 26 మంది ప్రమాదం పాలయ్యారు, వాళ్లలో 8 మంది అక్కడికక్కడే పోయారు. క్రిమినల్ కోర్టు డ్రైవరును వదిలేసింది. కాబట్టి పరిహారం కూడా లేదని బస్సు యజమాని వాదన. జస్టిస్ కృష్ణయ్యర్ ఒప్పుకోలేదు. శిక్ష వేయడానికి కావలసిన రుజువు వేరు, పరిహారానికి కావలసిన రుజువు వేరు. డ్రైవరు మీద కేసు కొట్టేశారని మనవాళ్లు ఇప్పటికీ ఆశ వదులుకుంటారు. వదులుకోనక్కర్లేదు.

1982 అక్టోబర్ 1 నుంచి తప్పుతో సంబంధం లేని పరిహారం మొదలైంది. ప్రాణం పోతే 15,000, శాశ్వత వైకల్యానికి 7,500 రూపాయలు. మొత్తం చిన్నదే, ఆలోచన పెద్దది. ముందు ఇది ఇవ్వాలి, ఎవరి తప్పో తేల్చి మిగతాది ఇవ్వడం తర్వాత. 1994లో ఈ మొత్తాలు 50,000, 25,000 అయ్యాయి.

ఆ 1994 సవరణే మన సరిహద్దు ఊళ్లకు ఇంకో మేలు చేసింది. అంతకు ముందు ప్రమాదం పలమనేరు దగ్గర జరిగితే అటువైపు ట్రిబ్యునల్‌కే పోవాలి. ఆ తర్వాత మనం ఉండే చోటే అర్జీ పెట్టుకోవచ్చు.

ఆవని జాతరకు ట్రాక్టరు ట్రాలీల్లో, గూడ్సు బండ్లలో పోయేవాళ్లు 2002 నాటి ఆశారాణి తీర్పు గుర్తుంచుకోవాలి. సరుకుల బండిలో ఊరికే ఎక్కినవాళ్లకు మామూలు థర్డ్ పార్టీ పాలసీ కింద ఇన్సూరెన్స్ కంపెనీ కట్టనక్కర్లేదని అందులో తేలింది. సరుకు యజమానికో, అతని తరఫున వచ్చిన మనిషికో అయితే 1994 సవరణ తర్వాత రక్షణ ఉంది. మిగతావాళ్లకు ఏదైనా అయితే భారం బండి యజమాని మీద పడుతుంది. ఆ యజమాని చాలాసార్లు మన బంధువే.

2022 ఏప్రిల్ 1 నుంచి నియమాలు మళ్లీ మారాయి. తప్పుతో పని లేకుండా మరణానికి 5 లక్షలు, తీవ్రగాయానికి రెండున్నర లక్షలు. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. 1982 నాటి పరిహారం తీసుకున్నాక కూడా మిగతాదానికి పోరాడే హక్కు ఉండేది. ఇప్పుడు 164వ సెక్షన్ కింద డబ్బు తీసుకుంటే ట్రిబ్యునల్ ముందున్న పెద్ద క్లెయిమ్ రద్దవుతుంది. సంపాదించే వయసు మనిషి పోయిన ఇంటికి ఆ పెద్ద క్లెయిమ్ 5 లక్షలకు ఎన్నో రెట్లు కావచ్చు. లాయరును అడగకుండా సంతకం చేయకండి. అర్జీకి ఆరు నెలల గడువు కూడా ఆ రోజు నుంచే తిరిగి వచ్చింది.

ఇద్దరిదీ తప్పైతే అంతా పోతుందని భయపడవద్దు. మీ తప్పు మూడో వంతని తేలితే పరిహారంలో మూడో వంతే తగ్గుతుంది.

కాబట్టి పంచాయితీ పెద్దలకు ఒక మనవి. మనుషులను చల్లబరచండి, గొడవ ఆపండి, అది మీరే చేయగల పని. తప్పెవరిదో తేల్చే పని మాత్రం ట్రిబ్యునల్‌కు వదలండి. ఎఫ్.ఐ.ఆర్. నకలు, అవతలి బండి నంబరు, పాలసీ వివరాలు, ఆసుపత్రి కాగితాలు ఆ ఇంటివాళ్ల చేతికి వచ్చేదాకా ఎవరి చేతా సంతకం పెట్టించకండి.