పసుపు కొమ్ము నుంచి పసుపు క్యాప్సూల్ దాకా

పసుపు లేని తెలుగు ఇల్లు ఉంటుందా చెప్పండి? గడపకి పసుపు, నలుగులో పసుపు, పేరంటానికి వెళ్తే కాళ్ళకి పసుపు. మా కొల్లేటి వైపు కొరమీను తెచ్చారంటే ఉప్పూ పసుపూ వేసి రుద్ది కడగందే పొయ్యి మీదకి ఎక్కదు. దెబ్బ తగిలితే పసుపు అద్దడం, జలుబు చేస్తే పాలల్లో పసుపు, చిటికెడు మిరియాల పొడి... ఇవేవీ మనం పుస్తకాల్లో చదివి నేర్చుకోలేదు. అమ్మమ్మలు చేస్తుంటే చూసి నేర్చుకున్నాం.

ఇప్పుడు అదే పసుపు సీసాల్లోకి ఎక్కింది. మొన్న తాడేపల్లిగూడెం నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసి, "వదినా, మోకాళ్ళ నొప్పులకి పసుపు క్యాప్సూల్స్ బాగా పనిచేస్తాయంట, అమ్మకి తెప్పించనా?" అంది. మా అత్తయ్యగారికి గుండెకి స్టెంట్ వేశారు. రక్తం గడ్డకట్టకుండా రోజూ మందు వేసుకుంటారు. అందుకని "ఆగు, కాస్త తెలుసుకుని చెప్తా" అన్నాను. అలా తెలుసుకున్న కథే ఇది.

పసుపుకి ఆ రంగునిచ్చే పదార్థం పేరు కర్క్యుమిన్. 1815లో ఫోగెల్, పెల్టియే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దాన్ని విడదీశారు. దాని నిర్మాణం ఏమిటో తేలేసరికి 1910 వచ్చింది. 1949లో అది సూక్ష్మక్రిములని అడ్డుకుంటుందని 'నేచర్' పత్రికలో వచ్చింది. మన పెద్దవాళ్ళు పుండుకి పసుపు ఎందుకు పెట్టేవారో ప్రయోగశాలకి అప్పుడు అర్థమైందన్నమాట!

అసలు గొడవ 1995లో. గాయాలు మానడానికి పసుపు వాడటం మీద అమెరికాలో మిసిసిపీ యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌కి పేటెంట్ ఇచ్చేశారు. పేటెంట్ తీసుకున్న శాస్త్రవేత్తలిద్దరూ మన దేశం మూలాలున్నవాళ్ళే. డాక్టర్ మషేల్కర్ నాయకత్వంలోని మన సీఎస్ఐఆర్ ఊరుకోలేదు. "ఇది మా వంటింటి వైద్యం" అని నోటిమాటగా చెప్తే అక్కడ చెల్లదు కదా. అందుకే సంస్కృతం, ఉర్దూ, హిందీ గ్రంథాల నుంచీ, 1953 నాటి ఒక భారతీయ వైద్య పత్రిక నుంచీ ఆధారాలు వెతికి పట్టుకెళ్ళారు. 1997 ఆగస్టులో ఆ పేటెంట్ రద్దయింది. మన అమ్మమ్మల వైద్యాన్ని కాగితం మీది అక్షరం కాపాడింది.

తర్వాత 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ వాళ్ళు ఇంకో సంగతి చెప్పారు. కర్క్యుమిన్ ఒంటికి పట్టడం చాలా తక్కువట. రెండు గ్రాముల కర్క్యుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపరిన్, అంటే మిరియాల్లో ఉండే సారం, కలిపి ఇస్తే రక్తంలోకి చేరేది 2000 శాతం పెరిగింది. సీసాల మీద మిరియాల బొమ్మ ఉండేది ఇందుకే.

మరి నిజంగా గుణం ఉందా? మోకాళ్ళ అరుగుదల విషయంలో కొంత ఉంది. 2014లో థాయ్‌లాండ్‌లో 367 మంది మీద నాలుగు వారాల పరీక్ష చేస్తే, పసుపు సారం ఐబుప్రొఫెన్‌తో సమానంగా నొప్పి తగ్గించింది, కడుపునొప్పి లాంటి బాధలు తక్కువ వచ్చాయి. అయితే నాలుగు వారాలంటే ఎంత? కాన్సర్ నుంచి మతిమరుపు దాకా అన్నీ నయమైపోతాయని చెప్పే ప్రకటనలకి ఆ మాత్రం బలం కూడా లేదు.

రెండో వైపు కూడా చూడాలి. అమెరికాలో 2004 నుంచి 2022 దాకా పసుపు క్యాప్సూల్స్ వల్ల కాలేయం దెబ్బతిన్న పదిమంది వివరాలు డాక్టర్లు నమోదు చేశారు. అయిదుగురు ఆస్పత్రిలో చేరారు, ఒకరు చనిపోయారు. కూరలో వేసే పసుపుతో వచ్చిన చిక్కు కాదిది. పొడిలో కర్క్యుమిన్ సుమారు మూడు శాతమే. సారం తీసిన క్యాప్సూల్‌లో 95 శాతం దాకా ఉంటుంది. పైగా అది ఒంటికి ఎక్కువ పట్టేలా చేస్తారు.

ఇంకోటి సీసం. 2020 డిసెంబరులో మా ఏలూరులో వందలమంది మూర్ఛలొచ్చి పడిపోయిన రోజులు ఎవరూ మర్చిపోరు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో బాధితుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయన్నారు. దానికీ పసుపుకీ సంబంధం ఉందని నేననను. కానీ సీసం అనే మాట మా ఊళ్ళో ఆడవాళ్ళందరి నోటా నానింది అప్పుడే. బంగ్లాదేశ్‌లో పసుపు మెరవడానికి లెడ్ క్రోమేట్ అనే సీసం రంగు కలుపుతున్నారని 2019లో బయటపడింది. ప్రభుత్వం గట్టిగా పట్టుకుంటే, 47 శాతం నమూనాల్లో ఉన్న కల్తీ 2021కల్లా పూర్తిగా పోయింది. పట్టించుకుంటే పోతుందన్నమాట.

కొనాలనుకుంటే సీసా తిప్పి ఇవి చూడండి:

పసుపు పొడి ఎన్ని మిల్లీగ్రాములని కాదు, కర్క్యుమినాయిడ్స్ ఎన్ని అన్నది చూడాలి. 500 మిల్లీగ్రాముల మామూలు పొడిలో ఉండేది 15 మిల్లీగ్రాములే.

ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల లైసెన్సు నంబరు ఉండాలి. సీసం పరీక్ష రిపోర్టు అడిగితే ఇచ్చే కంపెనీ అయితే ఇంకా మంచిది.

పైపరిన్ కలిసిందేమో చూడండి. అది వేరే మందులని కూడా ఒంట్లోకి ఎక్కువగా పంపగలదు.

రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, పిత్తాశయంలో రాళ్ళున్నవాళ్ళు, కాలేయ జబ్బున్నవాళ్ళు, గర్భిణులు, బాలింతలు, ఆపరేషన్‌కి సిద్ధమవుతున్నవాళ్ళు డాక్టరుని అడగకుండా ముట్టుకోవద్దు. రక్తహీనత ఉన్నవాళ్ళు కూడా అంతే, కర్క్యుమిన్ ఐరన్‌ని పట్టి ఉంచుతుంది. మనలో ఎంతమందికి రక్తం తక్కువో వేరే చెప్పాలా?

వేసుకుంటుండగా కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే ఆపేసి ఆస్పత్రికి వెళ్ళాలి.

అత్తయ్యగారి గుండె డాక్టరు వద్దన్నారు. ఆవిడ కాస్త చిన్నబుచ్చుకున్నారు, "పసుపు కూడా వద్దా?" అని. కూరలో పసుపు మాననక్కర్లేదని ఆయనే చెప్పారు. మోకాళ్ళకి ఫిజియోథెరపీ మొదలుపెట్టాం.

2025 సంక్రాంతికి నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు మొదలైంది. ఇటు మన దుగ్గిరాల పసుపు మార్కెట్ ఎప్పటినుంచో పేరున్నదే. మంచి పసుపు మన చుట్టూనే ఉంది. వీలైతే కొమ్ములు కొని పట్టించుకోండి. అలాగే మీ అమ్మమ్మ పసుపుతో చేసే వైద్యాలేమన్నా గుర్తుంటే ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టండి. అలా ఎవరో రాసి పెట్టబట్టే 1997లో గెలిచాం.