ఉన్నత విద్యలో వికలాంగ విద్యార్థుల హక్కులు

భారతదేశంలో ఉన్నత విద్యను అభ్యసించే వికలాంగ విద్యార్థుల హక్కులకు ప్రధాన ఆధారం వికలాంగుల హక్కుల చట్టం, 2016. ఈ చట్టం రెండు వేర్వేరు హక్కులను కల్పించింది. మొదటిది ప్రవేశాలలో రిజర్వేషను. రెండవది చదువుకు, పరీక్షలకు అవసరమైన వెసులుబాట్లు. రిజర్వేషనుకు కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. వెసులుబాట్లకు ఆ పరిమితి వర్తించదని సుప్రీంకోర్టు 2021లో స్పష్టం చేసింది.

నేపథ్యం

1995లో పార్లమెంటు ఆమోదించిన వికలాంగుల చట్టం 1996 ఫిబ్రవరి 7న అమలులోకి వచ్చింది. అది 7 రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రభుత్వ విద్యాసంస్థలలోను, ప్రభుత్వ సహాయం పొందే సంస్థలలోను కనీసం 3 శాతం సీట్లను వికలాంగులకు కేటాయించాలని నిర్దేశించింది. లేఖకులను సమకూర్చవలసిన బాధ్యతను మాత్రం అంధులకు, చూపు మందగించిన విద్యార్థులకు పరిమితం చేసింది. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్య సమితి 2006లో ఆమోదించిన ఒడంబడికను భారతదేశం 2007 అక్టోబరు 1న ధ్రువీకరించింది. దానికి అనుగుణంగా రూపొందిన కొత్త చట్టం 2017 ఏప్రిల్ 19 నుండి అమలులో ఉన్నది.

2016 చట్టంలోని ముఖ్యాంశాలు

* గుర్తింపు పొందిన వైకల్యాల సంఖ్య 21కి పెరిగింది. డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలు, తలసేమియా, హీమోఫిలియా, పార్కిన్సన్ వ్యాధి కొత్తగా చేరాయి.
* సంస్థపై మోయలేని భారం పడనంత మేరకు వికలాంగుల కోసం చేయవలసిన తగిన మార్పులను సహేతుక వెసులుబాటు అంటారు. దీనిని నిరాకరించడం కూడా వివక్షే అవుతుంది.
* 17వ సెక్షను పరీక్షలలో అదనపు సమయం, లేఖకుని సహాయం, రెండవ, మూడవ భాషల నుండి మినహాయింపు వంటి మార్పులను పేర్కొన్నది.
* 32వ సెక్షను ప్రకారం ప్రభుత్వ, ప్రభుత్వ సహాయం పొందే ఉన్నత విద్యాసంస్థలు కనీసం 5 శాతం సీట్లు కేటాయించాలి. గరిష్ఠ వయోపరిమితిలో 5 సంవత్సరాల సడలింపు ఉంటుంది.

కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టులో వెలువరించిన మార్గదర్శకాలు లేఖకుని సహాయం పొందే అభ్యర్థికి గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని సూచించాయి. అంటే 3 గంటల పరీక్షకు మరొక గంట లభిస్తుంది. అయితే ఇవి 40 శాతం వైకల్యం ఉన్నవారిని ఉద్దేశించినవి.

న్యాయస్థాన తీర్పులు

వికాష్ కుమార్ కేసు (2021 ఫిబ్రవరి 11): వ్రాసేటప్పుడు చేతి కండరాలు బిగుసుకుపోయే రుగ్మత ఉన్న అభ్యర్థికి సివిల్ సర్వీసు పరీక్షలో లేఖకుని సహాయం నిరాకరించారు. ఆయన వైకల్యాన్ని వైద్యులు 6 శాతంగా నిర్ధారించారు. రిజర్వేషనుకు ఉద్దేశించిన 40 శాతం నిబంధనను వెసులుబాట్లకు ముడిపెట్టడం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దీని ననుసరించి 2022 ఆగస్టులో కొత్త మార్గదర్శకాలు వెలువడ్డాయి.

అవని ప్రకాశ్ కేసు (2021 నవంబరు 23): డిస్‌గ్రాఫియా ఉన్న విద్యార్థినికి నీట్ పరీక్షా కేంద్రంలో అదనపు గంట ఇవ్వలేదు. జరిగినది అన్యాయమని సుప్రీంకోర్టు అంగీకరించినా పునఃపరీక్షకు ఆదేశించలేదు. నష్టాన్ని ఎలా సరిదిద్దవచ్చునో వారం రోజులలో పరిశీలించాలని పరీక్షా సంస్థను ఆదేశించింది. పరీక్ష రోజున దక్కని వెసులుబాటును తరువాత పూడ్చడం ఎంత కష్టమో ఈ కేసు తెలుపుతుంది.

ఓంకార్ గోండ్ కేసు (2024): 40 శాతం వైకల్యం ఉన్నంత మాత్రాన వైద్యవిద్యకు అనర్హులు కారని, చదవగల సామర్థ్యాన్ని నిపుణుల మండలి పరిశీలించాలని సుప్రీంకోర్టు పేర్కొన్నది.

ఆంధ్ర ప్రదేశ్

మచిలీపట్నం సమీప గ్రామానికి చెందిన బొల్లా శ్రీకాంత్ పుట్టుకతో అంధుడు. పాత చట్టం అమలులో ఉన్న కాలంలో, పదవ తరగతి తరువాత ఆయనకు సైన్సు చదివే అవకాశం నిరాకరించబడినది. న్యాయస్థానం ద్వారా ఆ అనుమతి సాధించి, తరువాత అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదివారు. అనంతరం హైదరాబాదులో బొల్లాంట్ ఇండస్ట్రీస్ సంస్థను స్థాపించారు.