రోజుకి ఒకసారా, పదకొండుసార్లా?

డాక్టరుగారి చీటీలో మందు పేరు పక్కన బి.డి., టి.డి.ఎస్. అని పొట్టి అక్షరాలుంటాయి, చూశారూ? అవి ఇంగ్లీషు మాటలకి పొట్టిరూపాలనుకుంటాం గాని, నిజానికి లాటిన్. బి.డి. అంటే రోజుకి రెండుసార్లు, టి.డి.ఎస్. అంటే మూడుసార్లు, హెచ్.ఎస్. అంటే నిద్రపోయే వేళకి. ఇక ఎస్.ఓ.ఎస్. కనబడగానే ఓడ మునిగిపోతోందన్నంత కంగారు పడతాం. దాని అర్థం “అవసరమైతేనే” అని, అంతే!

యూరపులో పెద్దచదువులన్నీ లాటిన్‌లో సాగిన రోజుల అలవాటిది. ఆ రాత రోగి కోసం కాదు, మందు కలిపేవాడి కోసం. మోతాదు చెప్పే భాగాన్ని ‘సిగ్నా’ అనేవారు. అంటే, సీసా మీద ఇలా రాయి అని. బ్రిటిషువారి వెంట ఈ అక్షరాలు మన ఆస్పత్రులకీ వచ్చాయి. మన కంపౌండరుగారు మాత్రం రంగునీళ్ళ సీసాకి గాట్లు గాట్లుగా కత్తిరించిన కాగితం అంటించి, “పూటకో గాటు చొప్పున తాగించమ్మా” అని చేతికిచ్చేవారు. చదువురాని ఇల్లాలికైనా అర్థమయ్యే లెక్క అది.

1970లు, 80లలో అమెరికా మందులషాపుల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. పాత ‘సిగ్నా’యే ‘సిగ్’ అనే పేరుతో వాటిలోకి ఎక్కింది. షాపులో వాళ్ళు నాలుగు పొట్టి అక్షరాలు కొడితే, “రోజుకి రెండుసార్లు, ఒక్కో మాత్ర వేసుకోండి” అని పూర్తి వాక్యం లేబులు మీద అచ్చవుతుంది. కోడిగీతల బాధ కొంత తప్పింది. కాని యంత్రానికి తెలిసింది అక్షరమే, రోగి కాదు కదా!

లాటిన్ పొట్టిరాతలో క్యు.డి. అంటే రోజుకొకసారి, క్యు.ఐ.డి. అంటే నాలుగుసార్లు. మధ్యలో ఉన్నది ఒక్క గీత! అందుకే 2004లో అక్కడి ఆస్పత్రులకి గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్, క్యు.డి.ని రాయకూడని వాటి జాబితాలో చేర్చింది. కీళ్ళవాతానికిచ్చే మెథోట్రెక్సేట్ సంగతి ఇంకా భయంకరం. అది వారానికి ఒక్కసారే వేసుకోవాలి. అలవాటుకొద్దీ “రోజూ” అని పడితే ప్రాణాలకే ముప్పు. అలా పోయినవారూ ఉన్నారు.

న్యూయార్కులోని బ్రాంక్స్‌లో స్పానిష్ మాట్లాడేవారు చాలామంది. అక్కడి షాపుల్లో కంప్యూటరు అచ్చువేసిన స్పానిష్ లేబుళ్ళని పరీక్షిస్తే సగం దాకా తప్పులు దొర్లాయని 2010లో ఒక పరిశోధన వెల్లడించింది. ఇంగ్లీషులో ‘వన్స్’ అంటే ఒకసారి. సరిగ్గా అవే అక్షరాలు స్పానిష్‌లో ‘ఒన్సే’ అవుతాయి, అంటే పదకొండు! ఆ మాటని తర్జుమా చెయ్యకుండా వదిలేస్తే, రోజుకొక్కసారి వేసుకోవలసిన మందు పదకొండుసార్లవుతుంది.

భాష వచ్చినా చిక్కు తీరదు. 2006లో వెలువడిన మరో అమెరికా పరిశోధనలో 395 మంది రోగుల చేత లేబుళ్ళు చదివించారు. చదువు అంతంతమాత్రంగా ఉన్నవారిలో 71 శాతం మంది “రోజుకి రెండుసార్లు, రెండేసి మాత్రలు” అని చదివింది చదివినట్టు అప్పజెప్పారు. “సరే, రోజుకెన్నో లెక్కపెట్టి చూపించండి” అంటే 35 శాతం మందే చూపగలిగారు. 2012లో అక్కడి ఔషధ ప్రమాణాల సంస్థ, ఉదయం 2, సాయంత్రం 2 అని పూట చెప్పి మరీ రాయమంది. మన చీటీల మీద 1-0-1 చెప్పేదీ అదే కదూ? పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి. ఇన్ని యంత్రాలు తిరిగి చివరికి చేరింది మన కంపౌండరుగారి ‘పూట’ దగ్గరికే!

ఇంట్లో పెద్దవాళ్ళకీ పిల్లలకీ మందులిచ్చేది చాలావరకు మనమే. కాబట్టి షాపులోంచి కదలకముందే “ఏ పూట, ఎన్ని, అన్నానికి ముందా, తరవాతా?” అని అడిగి, తెలుగులో రాయించుకోండి. వెనకాల నిలబడ్డవాళ్ళు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.