మన సీమ గడీలు

పాలకుర్తి యనగానే పాల్కురికి సోమనాథుడును, సోమేశ్వరుని గుట్టయు తలపునకు వచ్చును. నేడు నేను చెప్పదలచినది అంత పుణ్యకథ గాదు. ఇది మన సీమయందలి గడీల చరిత్రము.

హిందీ, మరాఠీ భాషలలో గఢీ యనగా చిన్నకోట. ఆ మాటయే మన నోట గడీ యైనది. ఎత్తైన ప్రహరి, బురుజులు, పెద్ద దర్వాజ, లోపల మండువా, టేకు స్తంభములు, కచేరి, ధాన్యపు గరిసెలు, పశువుల కొట్టములు. సామాన్యముగా గడీ స్వరూప మిది. తొలినాళ్ల దోపిడిమూకల భయమున గోడ యెత్తుగా లేచెను. ఆ భయము తొలగినను గోడ తగ్గలేదు. అది ఊరిని వెఱపించుటకు పనికివచ్చెను.

దేశముఖులు మొదట శిస్తు వసూలుచేసి సర్కారునకు చెల్లించెడివారు. 1865 ప్రాంతమున మొదటి సాలారుజంగు జిల్లాల నేర్పఱచి, ఆ పనిని జీతగాండ్రైన యుద్యోగుల కప్పగించెను. పదవి పోయినను దేశముఖులకు రుసుము పేర భృతి నిలిచెను. పాత లెక్కలు వారి చేతనే యుండుటచే మంచి భూములును వారి పేర నెక్కెను. మన పొరుగున విసునూరు దేశముఖు రాపాక రామచంద్రారెడ్డికి 60 గ్రామములలో 40,000 ఎకరము లుండెనని పుచ్చలపల్లి సుందరయ్య వ్రాసినారు.

ఇంత సంపదకు ఆధారము వెట్టి. కుమ్మరి కుండ లీయవలెను, చాకలి బట్ట లుదుకవలెను, మాదిగ చెప్పులు కుట్టవలెను, రైతు తన పొలము విడిచి దొర పొలము ముందు దున్నవలెను. గడీ గోడకు రాళ్లు మోసినదియు, గచ్చునకు సున్నము దంచినదియు ఇట్టి చేతులే. గడీని జూచి శిల్పమును మెచ్చుకొనువారు ఈ లెక్కను మఱవరాదు.

1940 దశకమున ఆ గోడకు బీటవారెను. పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ కౌలునకు దీసికొని పండించిన నాలుగెకరముల పంటను దేశముఖు కాజేయజూచెను. ఆంధ్రమహాసభ సంఘమువారు అడ్డుపడి, ధాన్యమును ఆమె యింటికే చేర్చిరి. 1946 జూలై 4న కడవెండిలో గడీ దిశగా సాగిన యూరేగింపుపై కాల్పులు జరిగి దొడ్డి కొమరయ్య నేలకొఱగెను. 1948 సెప్టెంబరులో నిజాము ప్రభుత్వము, 1949లో జాగీర్లు అంతరించెను. 1950లో కౌలుదారు చట్టము వచ్చెను.

ఇట్టి గృహములు మనకే గాదు, ఇతరులకును గలవు. 1620లో తమిళసీమ తరంగంబాడిలో కోట కట్టిన డేనులను దీసికొనుడు. వారి దేశమగు డెన్మార్కునను పల్లెసీమలలో దొరల భవంతు లుండెను. 1733 నాటి శాసనముచే అచ్చటి రైతుబిడ్డ తాను పుట్టిన దొరభూమిని విడిచి పోరాదు. దొర పొలమున కూలి లేని చాకిరియు తప్పదు. 1788లో ఆ కట్టును తెంచుటకు శాసనము చేసిరి. ఆ విముక్తికి గుర్తుగా రాజధానియగు కోపెన్‌హాగనులో 1797 నాటికి ఒక శిలాస్తంభమును నిలిపిరి. 1859లో అగ్నికి ఆహుతియైన ఫ్రెడరిక్స్‌బోర్గు రాజభవనమును మరల గట్టి, 1878లో జాతీయ చరిత్ర ప్రదర్శనశాలగా జేసిరి. భవనమును నిలిపిరి, రైతు విముక్తిని గూడ రాతితో చాటిరి.

మనకును స్తంభములు లేకపోలేదు. కడవెండిలో కొమరయ్య స్తూపము, పాలకుర్తిలో ఐలమ్మ విగ్రహము గలవు. 2024లో హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయమునకు ఆమె పేరు పెట్టిరి. మఱి గడీల మాట యేమి? పీడన చిహ్నములు గావున కూలనిండని కొందఱందురు. రంగు పూసి విలాసగృహములుగా జేయుదమని మఱికొంద ఱందురు. నా కీ రెండును సమ్మతములు గావు. కూల్చినచో సాక్షి పోవును. రంగు పూసినచో సాక్షి అబద్ధ మాడును. వనపర్తి రాజభవనమున 1959లో పాలిటెక్నిక్ విద్యాలయము నెలకొన్నది. నిలిచియున్న గడీలును బడులో, గ్రంథాలయములో కావచ్చును. అయితే వాకిట నొక ఫలకముపై, దీనిని కట్టించినవారి పేరుతోపాటు, కూలి లేక కట్టిన కులవృత్తులవారి మాటయు చెక్కవలెను.

పెద్దలారా, వెట్టి చేసిన తరము దాదాపు గతించినది. వారి నోట విన్న తరము మీరే. ఏ యింటివారు ఏ చాకిరి చేసిరో, ఏ పొలము ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోయెనో దస్తరములలో నుండదు. మీ జ్ఞాపకమున నున్నది. మీ మనుమలను చేరదీసి చెప్పుడు, వారిచే వ్రాయింపుడు. గోడలు రేపు కూలినను ఆ వ్రాత నిలుచును.