మట్టి పదును, తోలు పదును, కత్తి పదును

మిరుగం కార్తెలో సిద్దిపేట జిల్లా కోహెడ చుట్టుపక్కల చెల్కల మీద ఒక మంచి వాన కొట్టిందనుకోండి. మర్నాడు పొద్దున్నే రైతు గట్టు దిగి, మడమతో ఇంత మట్టి లేపి, పిడికిట్లో పట్టి నొక్కి చూస్తాడు. వేళ్లకు బురదలా అంటుకుంటే ఇంకా ఆగాలి. నొక్కినా ముద్ద కట్టకుండా జారిపోతే వాన చాలలేదనో, తను ఆలస్యంగా వచ్చాడనో అర్థం. ముద్ద కట్టి, బొటనవేలు తగలగానే పొడిపొడిగా విడిపోయిందా, ‘పదునైంది’ అని ఎడ్లనో ట్రాక్టరునో పొలానికి మళ్లిస్తాడు. చెల్కకు ఈ పదును ఒకటి రెండు రోజుల్లోనే ఆరిపోతుంది. రేగడి ఇంకాస్త నిలుపుకుంటుంది.

కత్తిసాము నేర్చుకుంటున్న కుర్రాడు దుకాణానికి వెళ్లి ‘పదునైన కత్తి కావాలి’ అన్నప్పుడు అతని మనసులో ఉన్నది వేరు. వేలు పెడితే తెగాలి, అంతే. ఇవాళ వాడుకలో పదును అంటే చాలామందికి అదే. ‘మెదడుకు పదును’ అని పత్రికలు పొడుపుకథలు వేస్తాయి, విమర్శకుడి కలానికి పదునుందంటాం. తప్పేమీ లేదు కానీ, ఒక పెద్ద మాటలో ఒక మూలనే వాడుకుంటున్నాం. కత్తి కొనేవాడికి ఆ మిగతా మూలలే ఎక్కువ పనికొస్తాయని నా అభిప్రాయం.

తోలు సంగతి చూడండి. తోళ్లను వాడకానికి సిద్ధం చేయడాన్ని తెలుగులో తోళ్లు పదును చేయడం అంటాం. పచ్చి తోలును అలా వదిలేస్తే కుళ్లుతుంది. ఊరికే ఎండబెడితే రేకులా బిగుసుకుని, మడవబోతే పగులుతుంది. సున్నంలో నానేసి, వెంట్రుక గీకి, తంగేడు చెక్క రసంలో ఊరబెడితే కుళ్లదు, పగలదు, వంచిన వైపు వంగుతుంది. బతుకమ్మలో పేర్చే తంగేడే ఇది. ఇంగ్లీషువాళ్లు ఆ చెట్టును తోళ్లు పదును చేసేవాడి పేరుతోనే పిలుస్తారు. ఇక్కడ పదునుకు వాడితో ఏ సంబంధమూ లేదు. పదును చేసిన తోలు మెత్తగా ఉంటుంది!

పచ్చిదానికీ బిగుసుకుపోయినదానికీ మధ్య, వస్తువు పనికి ఒప్పుకునే స్థితి ఒకటి ఉంటుంది. దాని పేరే పదును. మట్టికైతే బురదకూ పెళ్లకూ మధ్య, తోలుకైతే కుళ్లుకూ పగులుకూ మధ్య, ఉక్కుకైతే వంగిపోవడానికీ విరిగిపోవడానికీ మధ్య. ఈ మూడు పనులూ ఊళ్లో ఒకదానికొకటి ముడిపడి ఉండేవి. పదును చేసిన తోలుతో కమ్మరికి తిత్తి కుట్టేవారు. ఆ తిత్తి గాలికి కాలిన కర్రు రైతు నాగలికి ఎక్కేది. ఆ కర్రుతో రైతు పదునైన నేల దున్నేవాడు. కొలిమి దగ్గర ఇప్పుడు తోలు తిత్తికి బదులు చేత్తో తిప్పే ఫ్యానో, కరెంటు బ్లోయరో ఉంటుంది. మాట మాత్రం మారలేదు.

ఇరుగుపొరుగు భాషలూ ఇదే చెబుతాయి. తమిళంలో పదం అంటే పాకానికో అన్నానికో సరైన పాకస్థితి. కన్నడంలో హద. మన పాలు వాళ్లకు హాలు, మన పాము వాళ్లకు హావు అయినట్టే, పకారం హకారమై నిలిచింది. కన్నడ రైతు నేలకు, తోలుకు, కత్తికి కూడా హదనే వాడతాడు. కాబట్టి ఇది కత్తి కోసం పుట్టి పొలానికి పాకిన మాట కాదు. పాకం నుంచి కొలిమి దాకా అంతటా ఒకటే తూకం. (సంస్కృతంలో అడుగనీ మాటనీ అర్థమిచ్చే ‘పదం’తో దీనికి చుట్టరికం లేదు. పదచర్చలో పదునును చర్చించడం ఉత్త కాకతాళీయం.) ‘పదను’ అనే రూపం కూడా ఉంది. ‘అదను పదను చూసి’ అన్నప్పుడు అదనుతో జతకట్టి అది బతికే ఉంది. అదను కాలానిది, పదను వస్తువుది.

కొలిమి దగ్గర ఈ తూకం కంటికి కనిపిస్తుంది. పల్లె కమ్మరులు చాలాచోట్ల లారీ కమాను పట్టీ ముక్కను కత్తిగా సాగదీస్తారు. అది వంగి మళ్లీ లేవడానికే పుట్టిన ఉక్కు కాబట్టి మంచి ఎంపికే. సాగదీసిన అలుగును నారింజ ఎరుపుకు కాల్చి, వాదర వైపు మాత్రం నీళ్లలో ముంచి తీస్తాడు. అప్పటికి వాదర గాజులా గట్టిపడి ఉంటుంది. ఆకురాయి పెడితే జారిపోతుంది, రాయికి కొడితే పలుకు లేస్తుంది. అసలు పని ఇప్పుడే మొదలు. ఒక ఇసుకరాయి ముక్కతో వాదర మీది నలుపును గబగబా రుద్ది తెల్లగా మెరిపిస్తాడు. వెన్నులో మిగిలిన వేడి మెల్లగా వాదర వైపు పాకుతుంటే, ఆ మెరుపు మీద రంగులు నడుస్తాయి. మొదట ఎండుగడ్డి పసుపు, తర్వాత గోధుమ రంగు, ఆ వెనక ఊదా, చివరికి నీలం. పసుపుకు దాదాపు 220 డిగ్రీలు, నీలానికి 300 డిగ్రీల దాకా అని ఇప్పటి లెక్క. కమ్మరికి ఆ అంకెలతో పనిలేదు. గీసే కత్తికి పసుపు దగ్గరే ఆపి మళ్లీ ముంచేస్తాడు. దెబ్బ తట్టుకోవాల్సిన పనిముట్టుకు ఊదా దాకా ఆగుతాడు. గట్టిదనం తెచ్చేది మొదటి ముంపు. ఆ గట్టిదనంలోంచి పనికి తగినంత తగ్గించేది రంగుల నడక. రెండూ కలిస్తేనే పదును పెట్టడం. సానరాయి మీద రుద్దేది ఆ తర్వాత పని. దానికి నూరడమనీ సాన పట్టడమనీ వేరే మాటలున్నాయి. నూరితే వచ్చేది వాడి. వాడి పోతే మళ్లీ నూరుకోవచ్చు, పదును పోతే మళ్లీ కొలిమికే పోవాలి.

సాము చేసేవాళ్లకు ఈ తేడా ప్రాణం మీది సంగతి. కోనసీమలోని అమలాపురంలో దసరాకు చెడీ తాలింఖానా జరుగుతుంది. కర్రలు, బల్లేలు, కత్తులు తిప్పుతూ వీధుల వెంట ఊరేగుతారు. కళ్లకు గంతలు కట్టుకుని, ఒంటి మీద పెట్టిన కూరగాయల్ని కత్తితో నరికే విద్య చూపిస్తారు. తాలీం అంటే అరబ్బీలో చదువు నేర్పడం. దక్కనులో అది కుస్తీ పట్టే చోటుకు, సాము నేర్పే చోటుకు పేరయింది. ఈ చదువులో రోజూ తిప్పే కత్తికి వాడి అసలు అక్కర్లేదు, ఉండకపోవడమే మేలు. పదును మాత్రం నూటికి నూరు పాళ్లూ ఉండాలి. గట్టిదనం మితిమీరిన అలుగు, కత్తికి కత్తి తగిలినప్పుడు చిట్లి, ముక్క చూసేవాళ్ల మీదికి ఎగురుతుంది. చాలకపోతే వంగి అలాగే ఉండిపోతుంది. గోడకు తగిలించడానికి అమ్మే తళతళల స్టెయిన్‌లెస్ కత్తులకు వాడి చూపిస్తారు గానీ, పిడిలోపల సన్నటి బోల్టు ముక్క అతికి ఉంటుంది. అలాంటిదాన్ని గట్టిగా తిప్పితే అలుగు ఒకవైపు, పిడి ఒకవైపు. ఈ సరుకును ‘యుద్ధకళల కత్తి’ అని అమ్మేవాళ్ల మీద నాకు గౌరవం లేదు.

పదునులో తడి ఉంది కదా, అది పొలం నుంచి వచ్చిన యాదృచ్ఛికమేనా? పారసీకంలో ఆబ్ అంటే నీరు, కత్తికి పెట్టిన పదును, దాని మెరుగు కూడా. సంస్కృతంలో ఆయుధానికి ద్రవం పట్టడాన్ని పానం అన్నారు. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో కత్తికి పట్టాల్సిన నెయ్యి, పాలు, నెత్తురు లాంటి ద్రవాల జాబితా ఇచ్చాడు. కత్తి నీళ్లు తాగుతుందని ఇన్ని భాషలు అనుకున్నాయి.

ఆబ్ అనేవాళ్లూ పదును అనేవాళ్లూ ముఖాముఖి కూర్చున్న చోటు మన ఉత్తర తెలంగాణలోనే ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో ఉక్కు వండేవారు. భారతదేశపు మహా త్రికోణమితి సర్వే బృందంలో వైద్యుడూ భూగర్భ శాస్త్రజ్ఞుడూ అయిన హెన్రీ వాయ్‌సీ దాన్ని చూసి రాశాడు. ఆయన 1824లో పోయాడు. ఆ రాత 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రెండు చోట్ల తీసిన రెండు రకాల ఇనుమును కలిపి, మూసలో మూసి, ఒక రోజంతా కొలిమిలో ఉంచేవారు. వాయ్‌సీ వెళ్లేసరికి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన హాజీ హుసేన్ అనే వర్తకుడు అక్కడ మకాం వేసి ఉన్నాడు. ఊరికే కొనుక్కుపోలేదాయన. తూకాలు దగ్గరుండి చూశాడు, ఉక్కు ఎంత ఓర్చుకుంటుందో పరీక్షించి తీసుకున్నాడు. తమ దేశంలో ఇలాంటిది చేయబోయి కుదరకే ఇంత దూరం వచ్చామన్నాడట. కత్తి ఎంచుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం నేను చదవలేదు. ఇస్ఫహానుకు చేరాక దాని మీద నూరే వాడి ఎలాగూ వస్తుంది. కోనసముద్రంలో పరీక్షించాల్సింది లోపలి సరుకును.

అదే ఉక్కు ఇంగ్లండు చేరి ‘వూట్జ్’ అయింది. 1794లో బొంబాయి నుంచి హెలినస్ స్కాట్ నమూనాలు పంపాడు. 1795లో జార్జ్ పియర్సన్ దాని మీద రాయల్ సొసైటీకి వ్యాసం సమర్పించాడు. మన ఉక్కు అన్న మాటే రాతలో చెడి అలా అయిందని సాధారణంగా ఒప్పుకుంటారు. లండన్‌లో కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్ దాన్ని మెచ్చుకున్నాడు. ఆయనతో కలిసి మైకేల్ ఫారడే, ఆయనా కమ్మరి కొడుకే, 1819 నుంచి కొన్నేళ్లు దాని గుట్టు విప్పడానికి ప్రయోగాలు చేశాడు. చాలామంది సీమ కమ్మరులకు మాత్రం అది సుత్తె కింద పిండైపోయింది. అందులో కర్బనం ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది. వాళ్లకు అలవాటైన తెల్లటి వేడిలో కొడితే చితికిపోతుంది, తక్కువ ఎరుపులోనే ఓపిగ్గా సాగదీయాలి. సరుకు వెళ్లింది, దాని పదును తెలిసిన చేయి వెళ్లలేదు.

సరే, కొనేటప్పుడు ఏం చూడాలి? వరాహమిహిరుడు కత్తి పొడవుకు 50 అంగుళాలు ఉత్తమం, 25 అధమం అన్నాడు. ఇవి ఇంచీలు కావు, వేలి వెడల్పులు. మొద్దుబారినదీ, మోగనిదీ పనికిరావన్నాడు. మోత సంగతి ఇప్పటికీ పనికొస్తుంది. పిడి వదులుగా పట్టుకుని అలుగును గోటితో మీటితే, ఖంగున సాగాలి. బొక్కుగా పలికితే లోపల బీటో, పిడిలో వదులో ఉందని అనుమానించాలి. వెన్ను వెంట కన్ను పెట్టి సూటిగా ఉందో లేదో చూడాలి. కొద్దిగా వంచి వదిలితే తిరిగి నిలబడాలి. పిడిలోకి దిగిన ఇనుము చివరిదాకా ఉందో, పిడి మొదట్లో పొన్ను బిగిసి ఉందో అడగాలి. తర్వాత ఆకురాయి. అది వెన్నును కొరకాలి, వాదర మీద కాస్త జారాలి. రెండు చోట్లా ఒకేలా కొరికితే అది కత్తి ఆకారంలో ఉన్న ఇనుము మాత్రమే.

ఆకురాయి అనగానే కోహెడ పక్కనే ఉన్న హుస్నాబాద్ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకునే సర్వాయి పాపన్న గుర్తుకొస్తాడు. గీత కత్తి వదిలి కోటలు కట్టినవాడు. మొఘల్ చరిత్రకారుడు ఖాఫీఖాన్ రాతలో ఒక ముచ్చట ఉంది. 1709లో పాపన్న ఇంకో కోటను ముట్టడిస్తుంటే, ఆయన కోట షాపూర్‌లో చెరలో ఉన్న ఫౌజ్‌దార్‌కు సొంత తోబుట్టువే, అంటే పాపన్న భార్యే, అన్నంలో దాచి ఆకురాళ్లు పంపింది. బందీలు సంకెళ్లు కోసుకుని కోటనే పట్టుకున్నారు. ఇనుప సంకెల కంటే ఎక్కువ పదునెక్కినది ఆకురాయేనని ఆవిడకు తెలుసు.

కూరగాయల కత్తికీ యుద్ధపు కత్తికీ మనం నిత్యవ్యవహారంలో ఎక్కువగా ఒకే మాట వాడతాం. అడిదం లాంటి పాత మాట అడిదం సూరకవి ఇంటిపేరులో మిగిలింది. మిగతావి చాలావరకు కత్తే: మంగలికత్తి, గీతకత్తి, కత్తిపీట, పట్టాకత్తి. ముందో వెనకో చేరే రెండో మాటే దాని పని చెబుతుంది. చిత్రంగా చట్టమూ అలాగే వేరుచేసింది. 1959 ఆయుధాల చట్టం కింది నియమాల్లో 9 అంగుళాలకు మించిన పొడవో, 2 అంగుళాలకు మించిన వెడల్పో ఉన్న అలుగు ఆయుధం కిందికి వస్తుంది. ఈసారివి ఇంచీలే. ఇంటికి, వ్యవసాయానికి, పరిశ్రమకు, శాస్త్రపరిశోధనకు చేసినవి మినహాయింపు. తాటి గెల గీసే కత్తికి పేచీ లేదు. సాము కత్తికి మాత్రం, వాదర లేకపోయినా సరే, ఊరేగింపులో తిప్పే ముందు ఠాణాలో అడిగి, గురువు పేరుతో కాగితం తీసుకోవడం మంచిది.